ఉందా, లేదా: కంప్యూటర్‌కి రెండు అంకెలే ఎందుకు

తొలి కంప్యూటర్లలో కొన్ని బైనరీలో, అంటే 0, 1 అనే రెండే అంకెలతో లెక్కపెట్టేవి కావు. 1945లో అమెరికాలో తయారైన ఎనియాక్ మనలాగే పది అంకెలతో లెక్కలు చేసేది. గది నిండా పరుచుకున్న ఆ యంత్రంలో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. అందులో ఒక్క అంకెని గుర్తుపెట్టుకోవడానికి పది ఫ్లిప్‌ఫ్లాప్‌లని గుండ్రంగా ఒకదానికొకటి కలిపారు. ఫ్లిప్‌ఫ్లాప్ అంటే ఆన్‌లో గానీ ఆఫ్‌లో గానీ నిలిచి ఉండే చిన్న సర్క్యూట్. పదింటిలో ఎప్పుడు చూసినా ఒక్కటే ఆన్‌లో ఉంటుంది. 7కి కేటాయించినది ఆన్‌లో ఉంటే అంకె 7 అన్నమాట. ఒకటి కూడితే ఆ ఆన్ పక్కదానికి జరిగి 8 అవుతుంది.

పది స్విచ్‌లు వాడి, చెప్పగలిగినవి పదే సంగతులు. అవే పది స్విచ్‌లని దేనికది ఆన్ కావచ్చు, ఆఫ్ కావచ్చు అని వదిలేస్తే? మొదటిది రెండు రకాలుగా ఉండగలదు. రెండోది కలిస్తే నాలుగు, మూడోది కలిస్తే ఎనిమిది. ఇలా ఒక్కో స్విచ్‌కీ రెట్టింపవుతూ పోతే పదో స్విచ్ దగ్గర 1024 వస్తుంది. పదెక్కడ, వెయ్యి దాటడం ఎక్కడ! ఎనియాక్ పని పూర్తిగా ముగియకముందే, దాని తర్వాత కట్టబోయే ఎడ్వాక్ అనే కంప్యూటర్ కోసం గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ 1945లో రాసిన ముసాయిదాలో బైనరీనే ఎంచుకోవడానికి ఇది ఒక కారణం. అసలు కారణం ఇంకొకటి ఉంది. దానికన్నా ముందు ఆ అంకెలు చదవడం ఎలాగో త్వరగా చూసేద్దాం.

మన పద్ధతిలో 347 అంటే మూడు వందలు, నాలుగు పదులు, ఏడు ఒకట్లు. కుడి నుంచి ఎడమకి వెళ్తుంటే ఒక్కో స్థానం విలువ పదింతలవుతుంది. బైనరీలో పదింతలకి బదులు రెండింతలు, అంతే తేడా. స్థానాల విలువలు 1, 2, 4, 8, 16, 32. కాబట్టి 1101 అంటే ఒక ఎనిమిది, ఒక నాలుగు, రెండు లేదు, ఒక ఒకటి. మొత్తం 13. తిరుగు ప్రయాణం కూడా తేలికే. 13ని సగం చేయండి, 6 వచ్చి 1 మిగులుతుంది. 6ని సగం చేస్తే 3, మిగిలింది 0. 3లో సగం 1, మిగిలింది 1. ఆ 1లో సగం 0, మిగిలింది 1. మిగిలినవాటిని కింది నుంచి పైకి చదివితే 1101. ఒక్కో స్థానాన్ని బిట్ అంటారు, ఎనిమిది బిట్లు కలిస్తే బైట్. ఒక బైట్‌లో 0 నుంచి 255 దాకా 256 విలువలు పడతాయి.

రెండే రెండు గుర్తుల కలయికలని వరుసపెట్టి రాయడం ఛందస్సు చదువుకున్నవాళ్లకి కొత్తేమీ కాదు. లఘువు, గురువు అనే రెండింటితో మూడక్షరాల గణాలు ఎన్ని? ఎనిమిది. ఎందుకు ఎనిమిదే అంటే, రెండుని మూడుసార్లు గుణిస్తే వచ్చేది అదే కాబట్టి. 'యమాతారాజభానసలగం' అని బట్టీపట్టినవాళ్లు ఒకసారి దాన్ని మళ్లీ చూడండి. పక్కపక్కన ఉన్న ఏ మూడక్షరాలు తీసుకున్నా ఒక గణం వస్తుంది. యమాతా అంటే లఘువు, గురువు, గురువు, అది యగణం. మాతారా అంటే మూడూ గురువులే, అది మగణం. ఇలా పదే పది అక్షరాల్లో ఎనిమిది గణాలూ ఒక్కోటి ఒక్కసారే వచ్చేలా ఇమిడిపోయాయి. లఘువుని 0 అనీ గురువుని 1 అనీ రాసుకుంటే 0111010001 వస్తుంది. మూడు బిట్ల కలయికలన్నీ ఇందులో ఉన్నాయి. గణితంలో ఇలాంటి వరుసలని డి బ్రాయిన్ శ్రేణులంటారు, ప్రోగ్రామర్లు వాటిని ఇప్పటికీ వాడతారు. బడిలో గణవిభజన కోసం నేర్చుకున్న ముక్క ఇంత లోతైనదని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

సంస్కృత ఛందస్సుకి సూత్రాలు రాసిన పింగళుడు ఈ కలయికలన్నిటినీ వరుసలో రాసే పద్ధతీ, వరుసలో ఫలానా సంఖ్య దగ్గర ఏ నమూనా ఉంటుందో, ఫలానా నమూనా వరుసలో ఎన్నోదో కనుక్కునే పద్ధతులూ ఇచ్చాడు. చివరి రెండూ మనం పైన చేసిన బైనరీ మార్పిడికి దగ్గరి చుట్టాలే. అంతమాత్రాన ఆయన కంప్యూటర్‌ని ముందే ఊహించాడనడం సరికాదని నా అభిప్రాయం. ఆయన లెక్కపెట్టింది ఛందస్సు నమూనాలని. వాటితో కూడికలు, తీసివేతలు చేయలేదు. ఆ పని యూరప్‌లో గణితవేత్త లైబ్నిట్జ్ చేశాడు. 0, 1లతో అంకగణితమంతా చేసి చూపిస్తూ 1703లో వ్యాసం వెలువరించాడు. అంతకుముందే, 1679లో, గోలీలు రంధ్రాల్లోంచి జారుతూ బైనరీ లెక్క చేసే యంత్రం గురించి తన కాగితాల్లో రాసుకున్నాడు. ఎవరి ఘనత వాళ్లదే.

ఇక అసలు కారణానికి వద్దాం. స్విచ్‌లు ఆదా అవుతాయన్నది నిజమే గానీ, ఆదా ఒక్కటే ముఖ్యమైతే రెండుకన్నా మూడు మేలని కాగితం మీద నిరూపించవచ్చు. 1958లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో నికొలాయ్ బ్రుసెన్త్‌సోవ్ బృందం సేతున్ అనే కంప్యూటర్‌ని నిజంగానే మూడు అంకెలతో, అంటే -1, 0, 1లతో తయారుచేసింది. అది పనిచేసింది కూడా. అయినా ప్రపంచం రెండు దగ్గరే ఆగింది.

ఎందుకో తెలియాలంటే తీగ దాకా వెళ్లాలి. తీగలో అంకెలు ఉండవు, వోల్టేజి ఉంటుంది. అది ఎప్పుడూ అనుకున్నంత కచ్చితంగా ఉండదు. పక్క తీగలో కరెంటు మారితే దీని మీద ప్రభావం పడుతుంది, చిప్ వేడెక్కితే మారుతుంది, తయారీలో వెంట్రుకవాసి తేడా వస్తే మారుతుంది. ఇప్పుడు 5 వోల్టులతో నడిచే సర్క్యూట్‌లో పది అంకెలు చూపించాలనుకుందాం. ఒక్కో అంకెకి అర వోల్టు దక్కుతుంది. దారిలో 0.4 వోల్టు అటూఇటూ అయితే 7 కాస్తా 6 అయిపోతుంది, లేదా 8 అయిపోతుంది. అవతలి సర్క్యూట్‌కి అనుమానం కూడా రాదు, ఎందుకంటే 6 కూడా సరైన అంకే.

అదే 5 వోల్టుల్లో రెండే స్థితులు పెడితే ఏమవుతుందో చూడండి. చాలాకాలం అందరూ వాడిన టీటీఎల్ చిప్‌లలో ఒప్పందం ఇది. 0.8 వోల్టు లోపు ఏది వచ్చినా 0 అనుకోవాలి. 2 వోల్టులు దాటి ఏది వచ్చినా 1 అనుకోవాలి. పంపేవాడికి మాత్రం నియమం ఇంకా గట్టిది. 0 పంపితే 0.4 దాటకూడదు, 1 పంపితే 2.4కి తగ్గకూడదు. అంటే బయల్దేరినప్పుడు 2.4 వోల్టులున్న సిగ్నల్ దారిలో 0.4 పోగొట్టుకున్నా అవతల ఇంకా 1గానే చేరుతుంది. ఇందాక ఏడుని ఆరు చేసిన 0.4 వోల్టే ఇక్కడ ఏమీ చేయలేకపోయింది.

దీంట్లో ఇంకా గొప్ప సంగతి ఆ తర్వాత జరుగుతుంది. 2 వోల్టులకి నీరసించి వచ్చిన ఆ 1ని అందుకున్న గేటు (సిగ్నళ్లు అందుకుని ఫలితం పంపే చిన్న సర్క్యూట్) తన ఫలితాన్ని 2 వోల్టుల్లో పంపదు. మళ్లీ కనీసం 2.4తో, నిండుగా పంపుతుంది. దారిలో అంటిన మురికి అక్కడికక్కడ కడుక్కుపోతుంది. జిరాక్స్ కాపీకి జిరాక్స్ తీసి, దానికి మళ్లీ జిరాక్స్ తీస్తుంటే ఐదారుసార్లకే అక్షరాలు అలుక్కుపోతాయి. బైనరీలో లక్షోసారి తీసిన కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుంది. సెకనుకి వందల కోట్ల అడుగులు వేసే యంత్రంలో, ఒక్కో అడుగులో వెంట్రుకంత తప్పు పేరుకున్నా సాయంత్రానికి మిగిలేది చెత్తే. ప్రతి అడుగులోనూ సిగ్నల్ శుభ్రపడుతుంది కాబట్టే ఇన్ని అడుగులు సాధ్యమయ్యాయి. రెండు అంకెల బలమంతా ఇక్కడే ఉంది. 'ఎంత ఉంది' అనే ప్రశ్నకన్నా 'ఉందా, లేదా' అనే ప్రశ్నకి జవాబు నమ్మకంగా చెప్పవచ్చు.

ఇదేమీ ప్రకృతి నియమం కాదు, ఇంజినీర్లు ఎంచుకున్న దారి. తప్పు దిద్దుకునే తీరిక ఉన్నచోట వాళ్లు రెండుని దాటి పోతారు కూడా. కంప్యూటర్లో ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీల్లో వాడే క్యూఎల్‌సీ రకం ఫ్లాష్ మెమరీలో ఒక్కో గదిలో పదహారు వోల్టేజి మెట్లు పెట్టి నాలుగు బిట్లు దాస్తారు. స్థలం బాగా కలిసొస్తుంది. బదులుగా అది నెమ్మదిగా పనిచేస్తుంది, తొందరగా అరిగిపోతుంది, తప్పులు దిద్దే సర్క్యూట్ తోడు లేకుండా నిలబడదు.

సరే, సిగ్నల్ నమ్మకంగా ఉంది. అది లెక్క ఎలా చేస్తుంది? పది అంకెలతో కూడిక నేర్చుకోవాలంటే రెండేసి అంకెల జతలు వంద గుర్తుండాలి. బైనరీలో నాలుగే: 0+0 అంటే 0, 0+1 అంటే 1, 1+0 అంటే 1, 1+1 అంటే 10, అంటే ఇక్కడ 0 రాసి పక్కకి 1 చేరవేయడం. ఈ నాలుగు వరుసలని కాసేపు అలాగే చూడండి. ఇక్కడ రాయాల్సిన అంకెకి కావాల్సింది ఒక్క ప్రశ్న: రెండూ వేరువేరా? వేరైతే 1, ఒకటే అయితే 0. పక్కకి చేరవేయాలా వద్దా అన్నదానికి ఇంకో ప్రశ్న: రెండూ ఒకట్లేనా? ఈ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పే సర్క్యూట్లే ఎక్సార్ గేటు, యాండ్ గేటు. వాటిని కలిపితే కూడిక పుట్టింది. ఎక్కడా లెక్క అనేది లేదు, అవును-కాదు అనే జవాబులే ఉన్నాయి.

'మరియు', 'లేదా', 'కాదు' అనే మాటలని బీజగణితంలా రాయవచ్చని జార్జ్ బూల్ 1854లో చూపించాడు. అది చాలాకాలం తర్కశాస్త్రంగానే ఉండిపోయింది. 1937లో క్లాడ్ షానన్ అనే 21 ఏళ్ల విద్యార్థి ఎంఐటీలో రాసిన మాస్టర్స్ థీసిస్‌లో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లోని రిలేలు, అంటే కరెంటుతో నడిచే స్విచ్‌లు, బూల్ రాసిన ఆ బీజగణితాన్నే పాటిస్తాయని తేల్చాడు. రెండు స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి పెడితే 'మరియు', పక్కపక్కన పెడితే 'లేదా'. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జ్ స్టిబిట్జ్ ఇంట్లో వంటింటి బల్ల మీద కూర్చుని, పాత టెలిఫోన్ రిలేలూ టార్చి బల్బులూ కలిపి రెండు బిట్లు కూడే యంత్రం చేశాడు. బల్బు వెలిగితే 1, ఆరితే 0. ఇప్పటి ప్రాసెసర్‌లో కూడిక జరిగే చోట ఉన్నదీ ఆ ఆలోచనే, పరిమాణమే మారింది.

తీసివేతకి వేరే యంత్రం అక్కర్లేదు. పాత బండి మీటర్‌ని 0000 దగ్గర నుంచి ఒక్క మెట్టు వెనక్కి తిప్పితే 9999 చూపిస్తుంది. అంటే ఆ మీటర్ మీద -1కి ఇంకో పేరు 9999. బైనరీలో ఎనిమిది బిట్ల మీటర్ తీసుకుంటే -1 అంటే 11111111. ఏ సంఖ్యనైనా రుణసంఖ్య చేయాలంటే 0లని 1లుగా, 1లని 0లుగా తిప్పేసి చివర్లో 1 కూడాలి. 5 అంటే 00000101, తిప్పితే 11111010, ఒకటి కూడితే 11111011, అదే -5. ఇప్పుడు 8లోంచి 5 తీసేయడమంటే 00001000కి 11111011 కూడడమే. తొమ్మిదో స్థానానికి ఒక 1 పొంగుతుంది, దానికి చోటు లేదు కాబట్టి పోతుంది. మిగిలింది 00000011, అంటే 3.

బిట్లకి సొంత అర్థం ఉండదు, మనం చేసుకున్న ఒప్పందమే వాటికి అర్థం. 01000001 అనే బైట్ ఒకచోట 65, ఇంకోచోట ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరాల్లో మొదటిది, మరోచోట ఒక చుక్కలో ఎరుపు ఎంత ఉండాలో చెప్పే కొలత. మన 'అ' సంగతే తీసుకుందాం. అన్ని భాషల అక్షరాలకీ సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో దాని వరుస సంఖ్య 3077. ఇది ఒక బైట్‌లో పట్టదు కాబట్టి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లుగా రాస్తారు: 11100000 10110000 10000101. మొదటి బైట్ మొదట్లో ఉన్న మూడు 1లు 'ఈ అక్షరానికి మూడు బైట్లు' అని చెబుతాయి. తర్వాతి రెండూ 10తో మొదలవడం 'మేం కొనసాగింపు' అని చెప్పడానికి. పాత వెబ్ పేజీల్లో తెలుగు ఉండాల్సినచోట నెత్తిన గీత ఉన్న రోమన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ తర్వాత మూడు చుక్కలు, ఇలా పిచ్చి గుర్తులు బారులు తీరి కనిపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ బిట్లు చెడిపోలేదు. ఆ మూడు బైట్లని కలిపి 'అ'గా చదవాల్సింది పోయి, దేనికదే ఒక అక్షరమనుకుని చదివారు.

ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్‌కి 160 అక్షరాలు పడితే తెలుగుకి 70 మాత్రమే ఎందుకో కూడా ఇలాగే తేలుతుంది. ఒక మెసేజ్‌కి ఉన్న చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఏడు బిట్లు చాలు. మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా అన్నిటికీ పదహారేసి బిట్లు కేటాయిస్తారు. భాగించి చూసుకోండి. పైగా మనకి గుణింతం గుర్తు కూడా ఒక అక్షరం కిందే లెక్క. 'తెలుగు' అనే మాట మన కంటికి మూడక్షరాలు, యంత్రానికి ఆరు.

మంచికైనా చెడుకైనా బైనరీ మన దశాంశాలతో పూర్తిగా పొసగదు. మూడో వంతుని దశాంశంలో రాయబోతే 0.3333 అంటూ ఎప్పటికీ ముగియదు కదా. బైనరీలో పదో వంతు గతి అదే. అర, పావు, అరపావు చక్కగా కుదురుతాయి, ఎందుకంటే అవి సగంలో సగాలు. 0.1 మాత్రం 0.000110011001100 అంటూ సాగుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట తెంపాలి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కూడితే 0.30000000000000004 రావడం ఈ తెంపు వల్లే. డబ్బు లెక్కలు చూసే ప్రోగ్రాములు మొత్తాన్ని అతి చిన్న నాణెం లెక్కలోకి మార్చి పూర్ణసంఖ్యగా దాచుకోవడం అందుకే మంచి అలవాటు.

ఈ తెంపు ప్రాణాలు తీసిన రోజు కూడా ఉంది. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర, వచ్చే క్షిపణులని ఆకాశంలోనే కూల్చడానికి అమెరికా పెట్టిన పేట్రియట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. ఆ పదో వంతుని 24 బిట్ల దగ్గర తెంపారు. ఒక్కో టిక్‌కి పోయేది సెకనులో కోటో వంతుకన్నా తక్కువ. కానీ యంత్రం వంద గంటలుగా ఆగకుండా నడుస్తోంది. ఆ తేడా పేరుకుని సుమారు 0.34 సెకన్లయింది. దూసుకొచ్చే ఇరాక్ స్కడ్ క్షిపణి అంత సమయంలో అర కిలోమీటరుకి పైగా వెళ్లిపోతుంది. పేట్రియట్ ఆకాశంలో తప్పు చోట వెతికింది. ఫిబ్రవరి 25న ఆ స్కడ్ సైనికులుండే బారక్స్ మీద పడి 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. తీగలో మురికి ఎప్పటికప్పుడు శుభ్రపడుతుంది గానీ, సంఖ్యని రాసుకునేటప్పుడే పోయిన ముక్కని ఏ గేటూ వెనక్కి తేలేదు.

బిట్ల సంఖ్యకి హద్దు ఉండడం వల్ల వచ్చే చిక్కులూ తక్కువేం కాదు. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకునే పాత వ్యవస్థల్లో 32 బిట్ల మీటర్ ఉన్నవి 2038 జనవరి 19న నిండిపోతాయి. మరుసటి సెకనుకి మీటర్ తిరగబడి రుణసంఖ్య అయిపోయి 1901 చూపిస్తుంది. 64 బిట్లకి మార్చే పని చాలాచోట్ల ఇప్పటికే అయింది, ఎక్కడో గోడలోపల బిగించి మరిచిపోయిన యంత్రాల సంగతే నా టెన్షన్.

ఇంత నమ్మకమైన బిట్ కూడా అరుదుగా తనంతట తాను తిరగబడుతుంది. 2003లో బెల్జియంలోని స్కార్‌బెక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ జరిగినప్పుడు ఒక అభ్యర్థికి అసలు సాధ్యంకానన్ని ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కిస్తే ఆ ఒక్క అంకె తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా 4096. మామూలు కంటికి అదేదో సంఖ్య. బైనరీ తెలిసిన కంటికి అది 1 పక్కన పన్నెండు సున్నాలు. అంటే మెమరీలో పదమూడో స్థానంలో ఉన్న ఒక్క 0 మాత్రమే 1 అయింది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణం తాలూకు కణం తగిలి ఉండవచ్చని అనుకున్నారు, రుజువు చేయడం కుదరలేదు.

ఇలాంటి తప్పుని యంత్రమే పట్టుకోలేదా అని బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్‌కి చాలా ముందే విసుగు పుట్టింది. వారాంతాల్లో ఆయన లెక్కలు నడుపుతున్న యంత్రం, తప్పు దొర్లిందని గుర్తించి పని అక్కడితో వదిలేసేది. తప్పు ఉందని తెలిసినప్పుడు అది ఎక్కడుందో ఎందుకు తెలియకూడదు? 1950లో ఆయన ప్రచురించిన జవాబు ఇది. ఏడు స్థానాలు పెట్టుకోండి. 3, 5, 6, 7 స్థానాల్లో మన నాలుగు బిట్లు, 1, 2, 4 స్థానాల్లో కాపలా బిట్లు. స్థానసంఖ్యలని కూడా బైనరీలోనే రాసుకోండి. చివరి బిట్ 1 ఉన్న స్థానాలు 1, 3, 5, 7 ఒక గుంపు. నడిమి బిట్ 1 ఉన్న 2, 3, 6, 7 ఒక గుంపు. మొదటి బిట్ 1 ఉన్న 4, 5, 6, 7 ఒక గుంపు. ప్రతి గుంపులోనూ 1ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా కాపలా బిట్లని నింపాలి.

మన బిట్లు 1011 అనుకుంటే, కాపలా బిట్లతో కలిపి 0110011 అవుతుంది. దారిలో ఏదో తగిలి 0110111గా చేరింది. అందుకున్న యంత్రం గుంపులని లెక్కపెడుతుంది. 4, 5, 6, 7 గుంపులో మూడు 1లు, బేసి, కాబట్టి 1 రాసుకుంటుంది. 2, 3, 6, 7లో నాలుగు, సరిపోయింది, 0 రాసుకుంటుంది. 1, 3, 5, 7లో మళ్లీ మూడు, 1 రాసుకుంటుంది. రాసుకున్నది 101. బైనరీలో చదివితే 5. తప్పు ఐదో స్థానంలో ఉంది. పది అంకెలున్న పద్ధతిలో తప్పు ఎక్కడో తెలిశాక కూడా మిగతా తొమ్మిదింటిలో ఒప్పేదో వెతకాలి. ఇక్కడ ఐదో స్థానంలో 1 తప్పయితే ఉండాల్సింది 0. యంత్రం దాన్ని తిప్పేసి, 0110011 అని చదువుకుని, తన పని తాను చేసుకుపోతుంది.